మూసుకోలేకపోయిన వాకిలి

ఇలా దగ్గరికి జరగండి నాయనా, గట్టిగా చెప్పుకునే మాట కాదిది. నేను ఒక వాకిలిని. కంటికి ఆనను. అనంతపురం పక్క పల్లెలో ఓబుళమ్మ అనే ఇల్లాలి ఒంట్లో, చెమట గ్రంథికి కబురు మోసే నాడీకణం నన్ను తన నడిబొడ్డున అల్లింది. దారం లాంటి పొడవాటి తోకలో పంపించి, ఆ చివరి కొసన కణం పైపొరలో నిలబెట్టింది.

కబురు రాగానే నేను తెరుచుకుని సోడియాన్ని లోపలికి వదలాలి. ఆ ఊపుకి పక్కనున్న కాల్షియం వాకిళ్లు తెరుచుకుంటాయి. అప్పుడు కణం కొసన దాచిన తిత్తుల్లోని రసం సన్నని సందులోకి ఒలికి, అవతలి గ్రంథిని తాకుతుంది. చెమట పడుతుంది. మనుషులు మాత్రం ఎండని తిడతారు, పాపం! తెరుచుకోవడం గొప్ప కాదమ్మా. రెప్పపాటు కూడా కాకముందే మూసుకోవాలి, నా మర్యాదంతా అందులోనే ఉంది.

ఆ రోజు గొడ్లకు మేతకని వేరుశనగ కట్టె వామి లాగుతుంటే ఓబుళమ్మ వేలికి తేలు కుట్టింది. విషం రక్తంలో వచ్చి నన్ను పట్టుకుంది. తెరుచుకున్నదాన్ని మూసుకోలేకపోయాను. రసం ఒలుకుతూనే ఉంది. గుండెకు పోయే నాడుల్లో నా తోడబుట్టినవాళ్లదీ అదే గతి.

ఓబుళమ్మ ముఖం మీద చెమట ధార కట్టింది. ఊళ్లో తేలు మంత్రం వేసే కుళ్లాయప్ప వేపమండ ఆపి నవ్వాడు.

"సూస్తిరా? ఇసం సెమటై కారిపోతాండాది. ఇంగ భయం ల్యా."

అందరూ ఊపిరి పీల్చుకుని కూర్చున్నారు. దిగుతోందనుకున్న విషం నా దగ్గరే ఉందని అరుద్దామంటే, నాకు నోరేదీ?

కోడలు సుంకమ్మ అత్త చెయ్యి పట్టుకుని ఉలిక్కిపడింది. "మామా, సెయ్యి మంచుగడ్డ మాదిరుండాది! ఆటో పిలిపిస్తా."

"నా మంత్రం మీద నమ్మకం ల్యాదామ్మే?"

"నీ మంత్రం నీకాడనే పెట్టుకో మామా. మా యత్త నాకు గావల్ల."

ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి, "ఇంకొంచెం ఆలస్యమైతే గుండె తట్టుకునేది కాదు" అని విరుగుడు ఎక్కించాడు. ఓబుళమ్మ బతికింది. సగం తన మంత్రమేనని కుళ్లాయప్ప ఇప్పటికీ అంటాడు. నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

పాతబడ్డ వాకిళ్లను కణం ముక్కలు చేసేస్తుంది. నా వంతు రేపో మాపో. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను, గుర్తుపెట్టుకుని పదిమందికీ చెప్పండి: తేలు కుట్టినవాళ్లకు చల్లటి చెమట పడితే, విషం దిగిందని కూర్చోకండి. ఆ చెమట నేను ఆడిన అబద్ధం.