డాక్టరమ్మకి చెప్పని కారణం

సేనా కాలవ పొంగి, గుంజల మీదున్న మా ఇంట్లోకి కూడా నీళ్ళొచ్చి రెండు నెలలు కదలని ఏడాది ఒకటుంది. దాని తర్వాత రెండో ఏడు ఇది జరిగింది.

నా భార్య లమున్ పడవలో తాటిపండు కుడుములు అమ్మేది. మలుపులో ముందు ఆమె నవ్వు వినిపించేది, తర్వాత పడవ కనిపించేది. నవ్వితే పైన కోరల పక్కన రెండు పళ్ళు నల్లగా కనపడేవి. పెళ్ళికి ముందు, సర్కారు పళ్ళ డాక్టర్లు ఊరికొచ్చినప్పుడు పుచ్చు గుంటల్లో పెట్టించుకున్న వెండి సిమెంటు అది. పెట్టిన కొత్తలో మెరిసేదట. నేను చూసేసరికే నలుపు.

నలభై ఏళ్ళు దాన్ని పట్టించుకోలేదు. ఆ ఏడు గుండె ఉబ్బిందని ఆసుపత్రిలో చెప్పారు. అప్పటినుంచి అద్దం చూసుకోవడం మొదలుపెట్టింది. శవపేటిక ముందు పెట్టే ఫోటో మా పెద్దవాళ్ళు బతికుండగానే తీయించుకుంటారు. బాంకాక్ నుంచి ఎవరో గుడి సత్రానికి వచ్చి ఊరికే తీస్తామన్నారు. దానికి ఇంకా పదిహేను రోజులుంది.

లమున్ తాటిపండు పిసుకుతూ అంది. "ఏమయ్యా, ఈ నల్లవి తీయించేసి పంటి రంగువి పెట్టించుకుంటా. నవ్వుతూ దిగాలి నేను. మూతి ముడుచుకున్న ముసలిదానికి అగరొత్తి ఎవరు వెలిగిస్తారు?"

సరే అన్నాను.

ఆసుపత్రిలో పళ్ళ డాక్టరమ్మ చిన్నది, ఓపికున్న మనిషి. చిన్న అద్దం పెట్టి చూసింది, కొక్కెంతో గీకి చూసింది.

"రెండూ గట్టిగానే ఉన్నాయి మామ్మా. తవ్వి తీస్తే మంచి పన్ను కూడా కాస్త పోతుంది. అంచు విరిగినా, కింద పుచ్చినా, చల్లటిది తగిలి జివ్వుమన్నా అప్పుడు మారుద్దాం. మార్చాలని వేరే కారణం ఏమన్నా ఉందా?"

లమున్ చేతులు జోడించింది. "అబ్బే, ఏం లేదమ్మా. మీరెలా అంటే అలాగే."

మా వాళ్ళంతా ఇంతే. డాక్టరు ఒక మాట అన్నాక మనం రెండో మాట అంటే ఆమెని ఇబ్బంది పెట్టినట్టు. బయట బల్లల మీద ఇంకా ఇరవై మంది ఉన్నారు. చావు ఫోటో కోసం పళ్ళు కావాలనడానికి సిగ్గు కూడాను. తన నోట రానిది నేను అంటానేమోనని లమున్ నా వైపు చూసింది. నేనూ చేతులు జోడించి లేచాను.

పడవలో వస్తూ ఒక్కటే అంది. "డాక్టరమ్మ అడిగింది కదయ్యా."

"నిన్ను కదా అడిగింది" అన్నాను.

ఫోటోల రోజు సత్రంలో కూర్చోబెట్టి, "నవ్వండి పిన్నీ" అన్నాడు ఫోటోగ్రాఫరు. వరసలో నుంచున్న పక్కింటి సంగ్వన్ అరిచింది. "తొందరగా తీసెయ్ నాయనా, మా అక్క నోరు మూసుకోవడం పుట్టాక ఇదే మొదలు!"

అందరూ నవ్వారు. లమున్‌కీ నవ్వొచ్చింది. రాగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీసేసరికి పెదాలు బిగించి ఉంది. అదే తీశాడు.

వానలు వెనకబట్టే రోజుల్లో లమున్ పోయింది.

మూడు రోజులు ఆ ఫోటో పేటిక ముందు పూలల్లో ఉంది. కాలవ పొడుగునా ఆమె దగ్గర కుడుములు కొన్నవాళ్ళు వచ్చారు. ఫోటో చూసి, నన్ను చూసి, దణ్ణం పెట్టి వెళ్ళారు. సంగ్వన్ మాత్రం అగరొత్తి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"ఇదెవరు బావా? మా అక్కేది?"

ఈసారి వేళాకోళం కాదు. ఏడుస్తూ అడిగింది. ఇంకో ఫోటో పెడదామంటే లేదు. ఉన్నవన్నీ కాలవ పొంగిన ఏడు నీళ్ళలో నానిపోయాయి. ఆ సాయంత్రం దహనం అయింది.

మర్నాడు పొద్దున్నే అస్థులు ఏరి గుడిలో ఇచ్చి, చావుకి వేసుకున్న నల్లచొక్కాతోనే ఆసుపత్రికి వెళ్ళాను. నంబరు తీసుకుని కూర్చున్నాను. నా వంతు వచ్చాక పడుకోమన్నారు. పడుకోలేదు.

"పంటి నొప్పి కాదు డాక్టరమ్మా. ఆమధ్య మీరు ఒకటి అడిగారు. దానికి జవాబు చెప్పాలి."

ఆమెకి మేం గుర్తులేం. పేరు చెప్పాను. ఏ పళ్ళో చెప్పాను. కారణం చెప్పాను. అంత పొడుగు మాట నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆమె మూతికున్న గుడ్డ కిందికి లాగి చివరిదాకా వింది.

"అప్పుడే చెప్పుంటే చేసేదాన్ని తాతా" అంది మెల్లగా.

బయట జనం ఉన్నారు, తర్వాతి వాళ్ళని పిలవండి అని చెప్పి వచ్చేశాను.