పదిహేడో వరుస

పేర్లు చెరిపేస్తే మనుషులు మాయమైపోతారని మా ప్రొఫెసర్‌గారి నమ్మకం. ఏ పని చెప్పినా మరుక్షణం "అయిపోయిందా?" అంటాడు కాబట్టి, చాటున ఆయన్ని అయిపోయిందా సార్ అనుకుంటాం.

నూలు మిల్లు దుమ్ముకి ఊపిరితిత్తులు ఎలా పాడవుతున్నాయో అక్కడి అరవైమంది ఆడవాళ్లను అడిగి రాసుకొచ్చాను. వ్యాసం వేయాలంటే ఆ పట్టిక మొత్తం ఏదో ఒక రిపాజిటరీలో, అంటే పరిశోధకులు తమ ఫైళ్లు భద్రపరిచి పంచుకునే వెబ్‌సైటులో, పెట్టాలన్నారు పత్రికవాళ్లు. గడువు శుక్రవారం. నాకు రెండు తగిలాయి. ఒకటి తలుపుల్లేని ఇల్లు. ఎవరైనా తీసుకోవచ్చు, పది నిమిషాల్లో పనైపోతుంది. రెండోది అడిగినవాడెవడో, ఎందుకో తేల్చుకుని గానీ ఇవ్వదు. కానీ మూడు వారాలు పడుతుంది.

బుధవారం ఆఖరిసారిగా పట్టిక చూస్తుంటే పదిహేడో వరుస దగ్గర ఆగిపోయాను. "దూది ఏకే సెక్షన్. వయసు యాభై నాలుగు. సర్వీసు ముప్పై ఒక్క ఏళ్లు. నాలుగేళ్లుగా దగ్గు. యాజమాన్యానికి తెలుసా? తెలియదు."

ఆ సెక్షన్‌లో ముప్పై ఏళ్ల సర్వీసు దాటినది ఒక్కతే, మా పిన్ని. దగ్గుందని తెలిస్తే ఆ మిల్లులో మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారు. అందుకే ఆవిడ బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి, నోట్లో తువ్వాలు కుక్కుకుని దగ్గుతుంది. నా మొహం చూసి నోరు విప్పింది. మిగతావాళ్లనీ తనే ఒప్పించింది. ఇంత తెలిసీ ఇన్నాళ్లూ నా కళ్లు ఏమయ్యాయో!

సార్ గదిలోకి పరిగెత్తాను.

"సార్, రెండోదాంట్లోనే పెడదాం. గడువు పెంచమని నేను రాస్తాను."

"ఇంకా గడువేంటమ్మా? నీకెందుకు శ్రమని సోమవారమే మొదటిదాంట్లో నేనే పెట్టేశాను. అయిపోయింది!"

ఆయన కంప్యూటర్లోనే పదిహేడో వరుస తెరిచి చూపించాను.

"పేర్లు లేవుగా, ఎందుకంత కంగారు?"

"మన ఆఫీసులో మీసాలాయన అంటే ఎవరో అందరికీ తెలీదా సార్?" అన్నాను, గొంతు పెంచి. ఆయన చెయ్యి మీసం మీదికి పోయింది.

ఆ వెబ్‌సైటులో మా పట్టిక ఉన్న పేజీ తెరిచాను. కింద చిన్న అక్షరాల్లో ఉంది: డౌన్‌లోడ్లు, మూడు. వెంటనే తీసేయమని వెబ్‌సైటువాళ్లకు రాశాను. గంటలో జవాబొచ్చింది. ఫైలు తీసేశాం, ఇప్పటికే వెళ్లిన కాపీలను వెనక్కి తేలేం అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ మూడింట్లో ఒకటి సార్ చూసుకున్నది. ఒకటి పత్రికవాళ్లది. మూడోది ఎవరో విద్యార్థిదై ఉంటుంది. అయి ఉండాలి.

సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది. గొంతులో సంబరం.

"మా మేనేజర్ని ఎన్ని తిట్టుకున్నానే ఇన్నాళ్లూ! ఇవాళ పిలిచి, కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. 'దగ్గెలా ఉందమ్మా' అన్నాడు. తువ్వాలు అడ్డం పెట్టినా ఎప్పుడో వినపడే ఉంటుందిలే. పైగా 'నాలుగేళ్లయిందటగా' అన్నాడు. ఎంత మనసో చూడు! రేపు గేటు కార్డు పట్టుకుని ఆఫీసుకి రమ్మన్నాడు. కొత్తది ఇస్తాడేమో."

ఆ నాలుగేళ్ల సంగతి ఆవిడ చెప్పింది నాకొక్కదానికే.

పిన్ని మళ్లీ అందుకుంది: "ఇక దాచే పని లేదులే." ఆ మాట అని, ఫోన్‌లోనే, కుళాయి తిప్పకుండా, తువ్వాలు లేకుండా, గట్టిగా దగ్గింది.