ఏడో బల్ల మీద పడ్డ తప్పు

"చేతి తప్పు" అని రాసింది మీరే. ప్రెబెన్, సంతకం నీది. మల్టె, అంకెలు నీవి. నూట ఎనభై స్పీకర్లు పరీక్షలో పోయాయి, ఏడో బల్ల, చేతి తప్పు అని నాలుగు ముక్కలు రాసి, కాఫీ గది తలుపు పక్కన, అందరూ కోట్లు తగిలించుకునే చోట అంటించారు. పేరు రాయలేదు కదా అని తప్పించుకోవద్దు. ఏడో బల్ల ఎవరిదో ఆ ఫ్యాక్టరీలో నేల తుడిచే మనిషికి కూడా తెలుసు. నలభై మూడేళ్ళుగా ఆ కుర్చీలో ఒకే మనిషి కూర్చుంది. అంటించే ముందు అయిదు నిమిషాలు ఆగి ఆ మనిషిని అడిగారా? అడగలేదు. తెర మీద గీత చూశారు, కాగితం తీశారు.

ఆ శుక్రవారం పొద్దున ఆరున్నరకి ఎల్సెబెత్ క్రోగ్ అప్పటికే మూడో స్పీకరు మీద ఉంది. కాగితం సంగతి ఆమెకు గురువారం సాయంత్రమే తెలుసు. కోటు తీసుకుంటూ చదివింది, గుండీలు పెట్టుకుంది, వెళ్ళింది. పొద్దున వచ్చి మామూలుగానే గోరువెచ్చని నీళ్ళలో చేతులు కడుక్కుని, నీలం కోటు వేసుకుని, కుర్చీ రెండు మరలు పైకెత్తి, మైక్రోస్కోపుకి కళ్ళు ఆనించింది. పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. అరవై రెండేళ్ళు. నెరిసిన జుట్టు తనే కత్తిరించుకుంటుంది, అది కనిపిస్తుంది కూడా. కళ్ళ చుట్టూ మైక్రోస్కోపు రబ్బరు ఒత్తి ఒత్తి రెండు గుండ్రటి చారలు పడిపోయాయి. ఆదివారం చర్చిలో కూడా ఆ చారలు పోవు.

స్పీకరంటే గోడకి తగిలించే పెట్టె కాదు. చెవి లోపలికి దూరే ఇయర్‌ఫోన్లో ఉండేది, బియ్యపు గింజ కన్నా కాస్త లావు. ఆ రేకు డబ్బాలో, వెంట్రుక కన్నా సన్నని తీగతో చుట్టిన చుట్ట ఉంటుంది. చుట్ట మధ్యలోంచి ఒక ఇనుప నాలుక బయటికి వస్తుంది. నాలుక కొస రెండు అయస్కాంతాల నడుమ, దేన్నీ తాకకుండా నిలబడి ఉంటుంది. పాట కరెంటై తీగలోకి వచ్చినప్పుడు నాలుక కిందికీ పైకీ ఊగుతుంది. ఒక సన్నని పుల్ల ఆ ఊపును పైనున్న పల్చటి రేకుకి అందిస్తుంది, రేకు గాలిని తోస్తుంది. అంతే, మనిషి కంట నీళ్ళు తెప్పించే పాట మొత్తం ఆ కాస్త ఊపే.

అయితే నాలుక సరిగ్గా నడుమ ఉండాలి. వెంట్రుకలో పదో వంతు పక్కకి జరిగితే పాడేవాడికి జలుబు చేసినట్టుంటుంది. ఇంకాస్త జరిగితే అయస్కాంతం దాన్ని లాగేసుకుంటుంది, స్పీకరు మూగబోతుంది. పట్టకారుతో నాలుకను పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క నొక్కు నొక్కి నడిమికి తేవడం ఎల్సెబెత్ పని. రోజుకి నూట యాభై, రెండొందలు. చేయి వణకకూడదని తొమ్మిదింటిదాకా కాఫీ ముట్టదు. ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఆ ఊళ్ళో కాఫీ తాగకుండా పనిలోకి దిగే మనిషి ఆమె ఒక్కతే.

ఆమె చేసినవి ఎన్ని చెవుల్లోకి పోయాయో ఆమెకు తెలియదు. ఒక్క చెవి మాత్రం తెలుసు. భర్త అక్సెల్ది. ముప్పై ఏళ్ళు పడవ ఇంజను పక్కన నిలబడి నిలబడి ఆయనకి చెవుడు వచ్చింది. అప్పట్లో ఏడో బల్ల మీద చేసేవన్నీ వినికిడి యంత్రాల స్పీకర్లే. ఆయన చెవిలో పెట్టే దాన్ని ఆమే సరిచేసింది, మూడు రోజులు తీరిక చేసుకుని. మొదటిసారి పెట్టుకున్న రోజు అక్సెల్ బంగాళాదుంపల పళ్ళెం ముందు కూర్చుని, ఫోర్కు చప్పుడు విని ఉలిక్కిపడ్డాడు.

"ఎలా ఉంది?" అంది ఆమె.

"ఫర్వాలేదు," అన్నాడు ఆయన.

ఆ తీరంలో అంతకన్నా పెద్ద మెచ్చుకోలు లేదు. ఆమె ఆ మాట పదకొండేళ్ళు దాచుకుంది. ఆమె తిట్టినప్పుడల్లా ఆయన యంత్రం తీసి జేబులో వేసుకునేవాడు. అప్పుడామె జేబు దగ్గరికి వంగి మిగతా తిట్లు అందులోకి తిట్టేది. ఆయన పోయి ఎనిమిదేళ్ళు.

తొమ్మిది కొట్టింది. శుక్రవారం కనుక కాఫీ గదిలో వేడి రొట్టెలు, వెన్న, జున్ను. శుక్రవారం కనుక ఇంకొకటి కూడా. వారంలో తప్పు చేసినవాళ్ళు ఆ రోజు కేకు తేవాలి. దాన్ని తప్పు కేకు అంటారు. అది శిక్ష కాదు, తప్పు ఒప్పుకుని, అందరితో కలిసి తిని, మర్చిపోవడం. ఎల్సెబెత్ నలభై మూడేళ్ళలో మూడుసార్లు తెచ్చింది. ఒకసారి అయస్కాంతాల పళ్ళేన్ని తలకిందులుగా పెట్టుకుని నలభై స్పీకర్లను మూగవి చేసింది. ఆ వారం ఎవరూ అడక్కుండానే రెండు కేకులు తెచ్చింది.

ఈసారి ఆమె సంచిలోంచి నీలి అంచు తెల్ల పింగాణీ పళ్ళెం తీసి బల్ల నడుమ పెట్టింది. దాని మీద ఏమీ లేదు.

ఆరో బల్ల యూటె రొట్టె నములుతూ వంగి చూసింది. "ఏంటే ఇది? దారిలో నువ్వే తినేశావా?"

"పళ్ళెం నేను తెచ్చాను. కేకు తప్పు చేసినవాళ్ళు తెస్తారు."

గది నవ్వింది. ప్రెబెన్ కూడా నవ్వాడు. ఉత్పత్తి విభాగానికి పెద్ద, మంచి స్వెట్టరు, మంచి పళ్ళు.

"ఎల్సెబెత్, దాన్ని అంత మనసుకి పట్టించుకోకు. ఏదో ఒకటి రాయాలి కదా. సరదాగా తీసుకో."

"సరదాకైతే పెన్సిల్‌తో రాయాల్సింది."

"వయసొస్తే చెయ్యి కాస్త అటూ ఇటూ అవుతుంది, అందులో సిగ్గుపడేది ఏముంది?"

ఆమె కాఫీ కప్పు అంచుదాకా నింపింది. చేయి చాపి అతని ముక్కు ముందు పట్టుకుంది. అందరూ కప్పునే చూస్తున్నారు. కాఫీ మీద ఒక్క అల లేదు.

"తాగు, చల్లారిపోతుంది," అంది.

తర్వాత పరీక్ష గదికి వెళ్ళింది. మల్టె అక్కడ తెర ముందు ఉన్నాడు. ఇంజినీరు, గడ్డం, ఇద్దరు పిల్లల తండ్రి. చెడ్డవాడు కాడు. చెడ్డవాళ్ళ వల్ల జరిగే అన్యాయం కన్నా తొందరలో ఉన్న మంచివాళ్ళ వల్ల జరిగేదే ఎక్కువ.

"నా నూట ఎనభై గీతలూ చూపించు," అంది.

చూపించాడు. అన్నీ ఒకదాని మీద ఒకటి పరిచినట్టున్నాయి. సన్నని శబ్దాలుండే కుడివైపు చక్కగా ఉంది. మంద్ర శబ్దాలుండే ఎడమ కొస మాత్రం అన్నిట్లోనూ ఒకేలా కిందికి జారిపోయింది.

"మల్టె, నా చెయ్యి చెడితే ఒక్కోదాన్ని ఒక్కోలా చెడగొడుతుంది. ఒకటి గరగరలాడుతుంది, ఒకటి మూగబోతుంది, నాలుగు బాగానే ఉంటాయి. నూట ఎనభయ్యీ అచ్చు గుద్దినట్టు ఒకేలా పోవడానికి నేనేమన్నా యంత్రాన్నా?"

అతను గడ్డం గోక్కున్నాడు. "అది... అలా ఆలోచించలేదు."

"ఇలా కూర్చో."

పోయినవాటిలోంచి ఒక స్పీకరు తీసి, తీగ కలిపి, మెత్తని రబ్బరు తొడుగు వేసి అతని చెవిలో పెట్టింది. తమ చర్చిలో గొట్టాల ఆర్గాన్ వాయించగా ఎవరో పట్టిన రికార్డు పెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఆమె అన్నిటినీ దాంతోనే వింటుంది. అందులో ఒకచోట వాయించేవాడు కాలితో మెట్టు తొక్కి అన్నిటికన్నా పెద్ద గొట్టాన్ని పలికిస్తాడు.

"వినిపిస్తోందా, కింది స్వరం?"

"ఊఁ. పొట్టలో తగుల్తోంది."

ఆమె చెవిలోని తొడుగును గోటితో కొంచెం పక్కకి తీసింది. "ఇప్పుడు?"

"పోయింది! పైవన్నీ ఉన్నాయి. అది ఒక్కటే పోయింది."

"వేలితో నొక్కు."

"వచ్చింది."

"మంద్రం గాలి. దానికి తలుపులన్నీ మూసిన గది కావాలి. సందు దొరికితే ముందు పారిపోయేది అదే. చెవిలోనైనా అంతే, నీ యంత్రంలోనైనా అంతే. మరి నా స్పీకరు నీ చెవిలో పాడి, నీ యంత్రంలో పాడకపోతే సందు ఎక్కడున్నట్టు?"

మల్టె తల తిప్పి యంత్రం వైపు చూశాడు. ఇత్తడి గొట్టం, అడుగున మైకు, మూతి దగ్గర స్పీకరును గట్టిగా పట్టుకునే నల్ల రబ్బరు ఉంగరం. ఆ గొట్టమే వాళ్ళ కృత్రిమ చెవి, ఏడో బల్లవన్నీ పరీక్షించేది దాంతోనే. వసంతంలో స్థలం చాలక జిగురు ఆరబెట్టే పొయ్యిని దాని పక్కకి జరిపారు.

"బిషప్పును తియ్యి," అంది ఎల్సెబెత్.

బిషప్పు అంటే చెక్క పెట్టెలో దూదిలో పడుకునే పాత స్పీకరు. పదిహేనేళ్ళ కింద పది చోట్ల కొలిచి, ఇది సరైనది అని తేల్చినది. ప్రతి పొద్దున ముందుగా దాన్ని పరీక్షించాలి, బిషప్పు తప్పితే పాపం యంత్రానిది. గోడ మీద అలాగే రాసి ఉంది. మల్టె పెట్టె మూత మీద వేలు పెడితే దుమ్ములో గీత పడింది.

"ఆఖరిసారి ఎప్పుడు అడిగావ్?"

"వసంతంలో... పనులు మీదమీద పడుతుంటే..."

బిషప్పును పెట్టాడు. తెర మీద గీత గీసుకుంది. ఎడమ కొస జారిపోయింది, నూట ఎనభైలాగే.

మల్టె మెడ దాకా ఎర్రబడ్డాడు. ఉంగరం ఊడదీసి వెలుతురులో వంచాడు. పొయ్యి వేడికి ఎండిన రబ్బరులో చిన్న పగులు తెరుచుకుంది, పొడి పెదవి మీద చీలికలా.

"నేను ఎంత గాడిదనో," అన్నాడు.

"అంత కాదులే. కొంచెం."

ఆ ఉంగరాన్ని పట్టుకుని ఇద్దరూ ప్రెబెన్ దగ్గరికి వెళ్ళారు. ప్రెబెన్ విన్నాడు, చాలా శ్రద్ధగా తల ఊపాడు.

"మంచిదే. కొత్త ఉంగరం తెప్పించి మొత్తం మళ్ళీ పరీక్షిద్దాం. వచ్చే వారం. కాగితం అప్పటిదాకా ఉండనీ. దానికి నంబరు పడిపోయింది, పద్ధతి ప్రకారం తియ్యాలి."

"అంటించడానికి పద్ధతి పట్టలేదే?"

"ఎల్సెబెత్, రెండు రోజులే కదా."

"నీకు రెండు రోజులు. నాకు నలభై మూడేళ్ళు." ఆమె గొంతు పెంచలేదు. "అక్సెల్ బతికుండగా ఆయన చెవిలో నా చెయ్యి ఉండేది ప్రెబెన్. ఆ చేతిని పట్టుకుని తప్పు అని రాశావ్, కోట్ల పక్కన."

ప్రెబెన్ ఫోను మోగింది, తీశాడు.

ఆమె తిరిగి వచ్చి మధ్యాహ్నం ఒంటిగంట దాకా పనిచేసింది. చివరి స్పీకరు నాలుక కాస్త మొండికేసింది. మూడుసార్లు నొక్కి, చెవిలో పెట్టుకుని, ఆర్గాన్ కాలి స్వరం వచ్చేదాకా కళ్ళు మూసుకుని విని, స్పీకర్ల ట్రేలో పెట్టింది. పట్టకారు తుడిచి దాని గుడ్డలో చుట్టింది. కాఫీ గదిలో యూటె కోటు వేసుకుంటోంది.

"పళ్ళెం మర్చిపోతున్నావ్."

"మర్చిపోలేదు. ఉండనీ. ప్రెబెన్‌కి దారి గుర్తుండాలి కదా."

"ఏం కేకు తెమ్మందాం?"

"రబర్బ్, ఆ పుల్ల కాడలది. కొన్నది కాదు, సొంతంగా కాల్చింది. మాడినా తింటాను."

యూటె నవ్వుతూ ఉండగానే ఆమె సైకిలెక్కింది. ఎదురుగాలి, ఎప్పటిలాగే. శనివారం తోటలో బంగాళాదుంపలు తవ్వింది, సగం బకెట్టు పక్కింటామెకి ఇచ్చింది. ఆదివారం పదింటికి కూడా కిటికీ తెరలు తీయకపోతే ఆ పక్కింటామె వచ్చి తలుపు తట్టింది, తర్వాత తీసింది. ఎల్సెబెత్ పక్కకి తిరిగి, చేయి చెంప కింద పెట్టుకుని పడుకుని ఉంది. గుండె ఆగిపోయింది అన్నాడు డాక్టరు. నిద్రలోనే.

సోమవారం ఫ్యాక్టరీ ముందు జెండా సగానికి దించారు. దించింది ప్రెబెనే. దానికి నంబరు అడ్డం రాలేదు, పద్ధతి అడ్డం రాలేదు. యూటె ఏడో బల్ల మైక్రోస్కోపు తుడిచింది, కుర్చీ ఎత్తు మాత్రం మార్చలేదు. మంగళవారం కొత్త ఉంగరం వచ్చింది. ముందు బిషప్పు, తర్వాత నూట ఎనభై. నూట ఎనభయ్యీ పాసయ్యాయి. మల్టె ఒక్కోదాన్నీ తీసి చెవిలో కూడా పెట్టుకుని విన్నాడు, ఎవరూ చెప్పకుండానే, ఆ ఆర్గాన్ రికార్డుతోనే. బుధవారం అవి డబ్బాల్లో వెళ్ళిపోయాయి. ఇవాళ ఎక్కడో బస్సులో ఎవరో కళ్ళు మూసుకుని ఆమె చేతిని వింటున్నారు.

కాగితం మాత్రం తలుపు పక్కనే ఉంది. మల్టె దిద్దుబాటు రాసి ఇచ్చాడట, సంతకానికి ఆగిందట.

ప్రెబెన్, జెండా చాలదు. ఆ కాగితాన్ని నీ చేత్తో పీకెయ్యి. అంతే పెద్ద కాగితం మీద, అంతే పెద్ద అక్షరాలతో రాయి: ఉంగరం పగిలింది, బిషప్పును అడగలేదు, తప్పు మాది, ఏడో బల్లది కాదు. సంతకం పెట్టు. అదే చోట అంటించు. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించు. రబర్బ్ కేకు, కొన్నది కాదు. ఈ శుక్రవారం తొమ్మిదింటికి తీసుకురా, అందరూ ఉండగా.

పళ్ళెం కోసం వెతుక్కోనక్కర్లేదు. కాఫీ బల్ల నడుమే ఉంది, తెల్లది, నీలి అంచు, ఒకచోట చిన్న పెచ్చు ఊడింది. యూటె రోజూ దాన్ని ఎత్తి, కింద తుడిచి, మళ్ళీ అక్కడే పెడుతోంది.