జనరల్ ఎముకల బేరం

కెప్టెన్ ఉర్రూతియా పన్నెండు మంది సైనికులతో సాన్ గ్రెగోరియో ఊళ్లో దిగేసరికి దొమితీలా వాకిట్లో మొక్కజొన్న కండెలు ఒలుస్తోంది. ఆమె భర్త జనరల్ బార్సెనాస్ పోయి పదమూడేళ్లయింది. సర్కారు మీద తిరగబడ్డ ఆయన్ని సర్కారువాళ్లే సంధి మాట్లాడుకుందాం రమ్మని పిలిచి, భోజనాల బల్ల దగ్గరే కాల్చేశారు. శవాన్ని కూడలిలో వేలాడదీస్తారని భయపడి ఊరివాళ్లు ఎత్తుకొచ్చి ఏ గుర్తూ లేకుండా పాతిపెట్టారు. ఆ చోటు తెలిసినవాళ్లలో ఇప్పుడు బతికున్నది ఇద్దరే: దొమితీలా, ఆమె మరిది ఫిదెన్సియో.

"గవర్నరుగారు పట్నంలో జనరల్‌గారికి విగ్రహం పెట్టిస్తున్నారమ్మా," అన్నాడు కెప్టెన్. "దాని కింద ఎముకలు ఉండాలట. ఇరవయ్యో తారీఖున ఆవిష్కరణ. సమాధి ఎక్కడో చూపించు."

"ఏ గవర్నరు? ఆ పూట మా ఆయన పక్కన కూచుని కొసరి కొసరి వడ్డించినాయనేనా?"

కెప్టెన్ చూపు తిప్పుకున్నాడు.

"మా ఊరి పొలాలకు పట్టాలు తెండి, చూపిస్తా," అంది దొమితీలా.

జమీందారు భూములను జనరల్ నలభై మూడు కుటుంబాలకు పంచాడు. వాళ్ల చేతుల్లో ఉన్నవి ఆయన రాసిచ్చిన కాగితాలే. సర్కారు ముద్ర లేదు. ఆ భూములు తిరిగి ఇప్పించమని జమీందారు కొడుకులు కోర్టుకెక్కారు.

"సర్కారుతో బేరమా?"

"అవును. ఊరికే ఇవ్వను."

కెప్టెన్ సైగ చేశాడు. చర్చిలో ఊడుస్తున్న ఫిదెన్సియోను ఈడ్చుకొచ్చి గోడకు ఆనించి నిలబెట్టారు. ఐదు తుపాకులు లేచాయి. ఊరంతా పోగైంది.

"పది లెక్కపెడతాను. ఒకటి... రెండు..."

"వదినా," అన్నాడు ఫిదెన్సియో. "పొద్దున నువ్వు పెట్టిన చిక్కుళ్లింకా అరగలేదు. కాస్త తొందరగా తేల్చు."

"నోర్మూసుకుని నిలబడరా!" అంది దొమితీలా.

ఆమె కాపురానికి వచ్చేనాటికి వాడికి ఏడేళ్లు. జ్వరాల్లో ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఇప్పుడు వాడి ముఖం చూస్తే తన నోరు జారుతుందని కెప్టెన్ చొక్కా గుండీల మీదే చూపు నిలిపింది.

"ఆరు... ఏడు..."

"వాణ్ణి చంపితే నేను చెప్పను," అంది. "నన్నూ చంపితే చెప్పేవాళ్లే ఉండరు. ఇరవయ్యో తారీఖున ఖాళీ పెట్టె పాతిపెట్టి, ఆ సంగతి మీ గవర్నరుకు మీరే చెప్పుకోండి."

"ఎనిమిది," అన్నాడు కెప్టెన్. అక్కడే ఆగిపోయాడు. చెంప మీద చెమట తుడుచుకున్నాడు. చాలాసేపటికి తుపాకులు దిగాయి. ఫిదెన్సియో గోడను ఆనుకునే కిందికి జారి, కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

ఐదో రోజున కెప్టెన్ పట్నం నుంచి సర్కారు ముద్ర వేసిన పట్టాలు తెచ్చాడు. బడిపంతులు ఒక్కొక్క పేరూ పైకి చదివాడు. నలభై రెండే ఉన్నాయి. లేనిది దొమితీలా పేరు.

"ఇది మోసం! ఎముకలివ్వకు వదినా!" ఫిదెన్సియో అరిచాడు.

"గవర్నరుగారే స్వయంగా కొట్టేశారమ్మా. నా చేతుల్లో లేదు," అన్నాడు కెప్టెన్.

ఆమె ఆ నలభై రెండు కాగితాలూ పంచిపెట్టమని పంతులుకు చెప్పింది. తరవాత పార తీసుకుని, సైనికులు వెంట రాగా, పోబోతున్న తన పొలంలోకే నడిచింది. నాలుగో చాలు దగ్గర తవ్వమంది. ఎముకలను తనే కడిగి, తన శాలువాలో చుట్టి ఇచ్చింది. కెప్టెన్ టోపీ తీశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

నలభై రెండు పొలాల జోలికి జమీందారు కొడుకులు మళ్లీ రాలేకపోయారు. దొమితీలా పొలానికి మాత్రం ముళ్లకంచె వేశారు. ఆమె మరిది పొలంలో కలుపు తీసి బతికింది. మొగుడి ఎముకలు అమ్ముకుందని బావి దగ్గర ఎవరో ఒకరు అంటూనే ఉండేవారు. అన్నవాళ్లలో పట్టాలందుకున్నవాళ్లూ ఉన్నారు.

ఫిదెన్సియో ఒకసారి పట్నం వెళ్లి విగ్రహం చూసొచ్చాడు.

"అన్న పోలికే లేదు వదినా. బాగా పొడుగ్గా చేశారు. కింద గవర్నరు పేరు అన్న పేరుకంటే పెద్దగా చెక్కించుకున్నాడు."

"తిని వచ్చావా?" అని అడిగిందామె.

లేదన్నాడు. పొయ్యి రాజేయడానికి లేచింది.