వెళ్ళిపోయిన వంతెన

తెల్లారి లేవగానే రత్తమ్మ తట్టలో జెల్లచేపలు సర్దుకుని రేవుకెళ్ళేది. ఏ గట్టు దగ్గరైతే ఆ గట్టున అమ్ముకోవడం గోదారి మధ్యనున్న ఆ లంకవాళ్ళకి అలవాటు. ఎలక్షన్లో ఏ గట్టు మనిషి గెలిస్తే లంక ఆ గట్టువైపు జరిగిపోయేది. లెక్కింపు రోజు మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు గలగలమనేవి, కొబ్బరిచెట్లు ఓసారి ఊగేవి, అంతే. పోస్టుమాన్ కూడా ఈ ఐదేళ్ళూ ఎటని అడిగి పడవెక్కేవాడు.

ఇబ్బందల్లా వంతెనతోనే. తూర్పుగట్టువాళ్ళు గెలిస్తే తూర్పునుంచి కట్టేవారు, సగంలో ఓడిపోయేవారు. పడమటివాళ్ళు వచ్చి దాన్ని వదిలేసి తమవైపు కొత్త రాయి వేసేవారు. ఏటినిండా స్తంభాలే, వాటిమీద నీటికాకులే. కాకులకి మేడలు కట్టించిన పుణ్యం మనది, ఇంకెవరికొస్తుంది!

ఈసారి మాత్రం తూర్పుగట్టు ఎమ్మెల్యే జగన్నాథరావు హయాంలో వంతెన లంకదాకా వచ్చేసింది. ఆఖరి స్లాబు ఒక్కటే మిగిలింది. అంతలో ఎలక్షన్లొచ్చాయి.

రత్తమ్మ కూతురు బేబీ అప్పటికి కడుపుతో ఉంది. తొలికాన్పు బిడ్డ వరదల్లో, ఏటి మధ్య పడవలోనే పోయింది. ఈసారీ శ్రావణంలోనే పురుడు. ఆపరేషన్ తప్పదన్నారు, పెద్దాసుపత్రేమో తూర్పుగట్టున ఉంది. రత్తమ్మ ఇల్లిల్లూ తిరిగింది. "ఈ ఒక్కసారికీ ఆయన్నే ఉండనివ్వండర్రా. ఆ స్లాబు పడనివ్వండి" అని బతిమాలింది. అలాగేలే అక్కా అన్నారందరూ. కాదనడం గోదారోళ్ళకి చేతనైతే కదా. ఓటడగడానికొచ్చిన జగన్నాథరావుకీ, పడమటిగట్టు ఉదయభాస్కర్‌కీ కూడా "మీకేనండి" అన్నారు. రత్తమ్మా ఇద్దరికీ అదే చెప్పింది.

పోలింగ్ రోజు ఓటు మిషనుకి అడ్డంపెట్టిన అట్ట వెనక్కెళ్ళి నిలబడగానే ఆమెకి పాతమంట రేగింది. పోయినేడు మొగుడు బుల్లబ్బాయి వలలకి సాయం అడగబోతే, చేపలకంపు, గుమ్మం బయటే ఉండమన్నాడు జగన్నాథరావు. బుల్లబ్బాయి ఎండలో నిలబడి నిలబడి వచ్చేశాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఐదేళ్ళకోసారి దొరికే పగ, ఎలా వదులుకుంటుంది? ఊరంతా వంతెనకే వేస్తుంది, తన ఒక్క ఓటుకే ఆగిపోతుందా అనుకుంది. ఉదయభాస్కర్ బటన్ నొక్కి వచ్చేసింది.

జగన్నాథరావుచేత మాటపడని ఇల్లు లంకలో లేదు. అట్ట వెనక్కెళ్ళి అందరూ అదే అనుకున్నారు.

లెక్కింపు రోజు మధ్యాహ్నం గిన్నెలు గలగలమన్నాయి. అరుగుమీద కూర్చున్న బేబీ తూర్పువైపు చూసింది.

"అమ్మా, వంతెన వెళ్ళిపోతోందే" అంది.

రత్తమ్మ ఊళ్ళోవాళ్ళని నోరారా తిట్టింది. మాటిచ్చి గొంతు కోశారని శాపనార్థాలు పెట్టింది. తనకోసం ఓటేసింది అమ్మొక్కతే అనుకుని బేబీ ఆమె చెయ్యి పట్టుకుంది. రత్తమ్మ ఆ చెయ్యి విడిపించుకోలేక అలాగే కూర్చుంది.

శ్రావణంలో నొప్పులొచ్చేసరికి గోదారి ఎర్రగా పొంగి ఉంది. బుల్లబ్బాయి బేబీని పడవలో వేసుకుని తూర్పుగట్టుకి ఎదురెళ్ళలేక వెనక్కొచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. పడమటిగట్టునా ఆసుపత్రి ఉందంటే ఉంది. ఎప్పుడో వేసిన పునాదిరాయి, దానికి మేకల్ని కట్టుకుంటారు. బేబీ బతికింది. బిడ్డ దక్కలేదు.

వరద తీశాక ఉదయభాస్కర్ వంతెనకి కొత్త రాయి వెయ్యడానికొచ్చాడు. జరిగింది విని రత్తమ్మ ఇంటికొచ్చి, చేపలతట్ట పక్కనే అరుగుమీద కూర్చున్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. ఆమాట చెప్పుకోవాలి, మనిషి మంచివాడే.

"ఊరుకో అమ్మా, ఈసారి మనం కట్టేద్దాం. ఇంతకీ ఓటు మాకే వేశావు కదూ?" అన్నాడు.

గుమ్మంలో బేబీ నిలబడి ఉంది. రత్తమ్మ ఆయనవైపు చూడలేదు, కూతురి కళ్ళలోకే చూసింది.

"మీకేనండి" అంది.

ఎన్ని ఎలక్షన్లకి ఎంతమందితో అందో ఆ మాట. నిజంగా అన్నది ఇప్పుడే. బేబీ లోపలికెళ్ళి తలుపేసుకుంది.