మంట లేని చెరకుతోట

మసి రాలుతోంది.

నల్లగా, తేలికగా, కాలిన ఆకు వాసనతో — ఆరేసిన దుప్పట్ల మీద, కారు అద్దాల మీద, కైలా జుట్టు మీద.

దక్షిణాఫ్రికాలోని ఉంజింటోలో చెరకు కోతలు మొదలయ్యాయి. కోతకు ముందు తోటకు నిప్పు పెడతారు. ఆకు కాలిపోతుంది. పాములు పారిపోతాయి. గడలు మిగులుతాయి.

పుట్టినప్పటి నుంచీ రాలుతున్న మసి. దాన్ని ఎవరు చూస్తారు?

కైలా చూసేది తెర.

తెర మీద ఇంకో ఉంజింటో ఉంది. కంప్యూటర్ ఆటతో పాటు వచ్చిన, సొంత లోకాలు తయారుచేసుకునే ఎడిటర్‌లో తనూ, పక్కింటి రోవనూ కలిసి కడుతున్న ఊరు. ఆ ఆటలో ఎక్కడా లేని కొత్త చోటు. మిల్లు రోవన్ కట్టాడు. చెరకు కైలా నాటింది... ఒక్కో గడ, ఒక్కో ఆకు, పచ్చగా, వరసగా.

జోహన్నెస్‌బర్గ్ పత్రిక ఒకటి పోటీ పెట్టింది. నెగ్గిన చోటును సీడీలో వేసి దేశమంతా పంచుతుంది. సీడీ అట్ట మీద కట్టినవాళ్ల పేర్లు ఉంటాయి.

రోవన్, కైలా.

ఆమెకు కావలసింది అంతే. రెండు పేర్లు. మధ్యలో ఒక కామా.

కైలా గదిలో, తెర ముందు, రెండు కుర్చీలు. మొదటిది రోవన్‌ది. రెండోది ఆమెది.

ఆమెదే — అఖిల వచ్చేదాకా.

అఖిల కాకినాడ మనిషి. తెల్లవాళ్ల పాలన పోయి దేశంలో అందరూ ఓటేశాక కొత్తగా ఉద్యోగాలకు పిలిచారు కదా, అలా మిల్లుకు వచ్చిన ఇంజనీరు నాగభూషణం భార్య. వీధి చివరి ఇల్లు. దిగిన కొద్ది రోజులకే, ఒక సాయంత్రం, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"తోట అంటుకుంది! ఎవరికైనా ఫోన్ చెయ్యండి!"

రోవన్ పగలబడి నవ్వాడు. అతనిది ఇంగ్లీషే. తాతల తెలుగులో మిగిలింది అక్కా, అన్నా లాంటి వరసలే.

"యో, అక్కా! మేమే పెట్టాం ఆ మంట. రేపు కొట్టాలి కదా."

"ఎదిగిన చెరకును తగలబెట్టుకుంటారా? మా పిఠాపురం వైపు పచ్చి గడే కొట్టి బండికెత్తుతారు తమ్ముడూ. మీకేమైనా పిచ్చా?"

కైలా కూడా నవ్వింది.

అప్పుడు నవ్వింది.

అఖిల నవ్వలేదు. గేటు పట్టుకుని చూసింది. మంట పక్కన గాలి పుట్టడం. గడలు టపటపా పేలడం. ఎగిరే పురుగుల కోసం పొగ పైన గద్దలు తిరగడం. చూసింది... చూస్తూనే ఉంది.

మర్నాడు వచ్చి అడిగింది. "మీ ఊళ్లో నేనూ ఏమైనా కట్టొచ్చా, తమ్ముడూ?"

చదువుకున్నది కంప్యూటర్లే. చెయ్యి తిరగడానికి ఎన్నాళ్లో పట్టలేదు. కూర్చోవడానికి చోటు కావాలి కాబట్టి రెండో కుర్చీలో కూర్చుంది. కైలా మంచం అంచుకు జరిగింది.

తన ఇంట్లో. తన గదిలో.

ఒక మధ్యాహ్నం తెర మీద చెరకు అంటుకుంది.

కైలా ఆ మంటలోకి నడిచింది. గడల మధ్య నారింజ రంగు ఊపిరి. వెనక్కి తిరిగితే పొగ. తల ఎత్తితే గద్దలు. నెమ్మదిగా, తేలికగా — మసి.

తన మసి.

తన నెత్తిన పడిన మసి, నిన్నగాక మొన్న వచ్చిన మనిషి చేతిలోంచి రాలుతోంది.

"ఇదీ మన ఊరు," అన్నాడు రోవన్, గొంతు తగ్గించి. "ఇన్నాళ్లూ ఇదే తక్కువైంది, కైలా."

తక్కువైంది. ఆ మాట ఆమె లోపల దిగి అక్కడే ఉండిపోయింది.

తిట్టడానికి కూడా వీల్లేదు. అఖిల పులిహోర తెస్తుంది. కైలమ్మా అని పిలుస్తుంది. పేర్లు మూడయ్యాయి. అఖిల పేరు మధ్యలో వచ్చింది, అక్షరాల వరస కోసం కాదు, రోవన్ చెయ్యి అలా రాసింది. ఇందులో తప్పేముంది?

ఏమీ లేదు.

పోటీకి పార్సిల్ వెళ్లాల్సిన రోజుకు ముందురోజు, ఆదివారం.

"ఏటే కైలా, చర్చికి రావేటే?" తల్లి మోరీన్ గుమ్మంలోంచి అరిచింది.

"కడుపునొప్పి, మా."

"నొప్పేటి నొప్పి! ఆ డబ్బా ముందే మోకాళ్లేసుకో, అబద్దాల మొకమా!"

తలుపు పడింది. ఇల్లు ఖాళీ.

ఎడిటర్‌లో కట్టే లోకానికి ఒక నియమం ఉంది. నలువైపులా మూసి ఉండాలి. ఆకాశం కూడా గోడే. ఎక్కడ సందున్నా బయటి శూన్యం లోపలికి వస్తుంది. వస్తే — వెలుగు పడదు.

కైలా మంట వెనక గోడను జరిపింది. వెంట్రుకంత.

ఒక గోడ కాదు. మంట చుట్టూ ఉన్నవన్నీ. ఒక్కోటీ వెంట్రుకంత.

మధ్యాహ్నం రోవన్ ఊరంతటినీ ఒక్కటిగా కూర్చే బిల్డ్ మీట నొక్కాడు. వెలుగు పడలేదు. ఎడిటర్ ఎర్ర గీత గీసింది, కారే చోటు చూపించడానికి. గీత మిల్లు దాటింది. పచ్చని చెరకు దాటింది. మంటలోకి వెళ్లింది... బయటికి పోయింది.

ఆ సందు మూశాడు. గీత ఇంకో గోడకు వెళ్లింది. అదీ మూశాడు. ఇంకో గోడ. ఒక్కో బిల్డ్‌కు గంట.

"ఐష్. నిన్న బానే ఉంది కదా!" రోవన్ జుట్టు పీక్కున్నాడు.

"నేనే ఎక్కడో తప్పు కట్టి ఉంటా," అంది అఖిల. "కొత్తదాన్ని. తీసెయ్ తమ్ముడూ. మీ ఇద్దరి చెరకే పంపండి. అదీ అందంగానే ఉంది." కుర్చీలోంచి లేచింది. "రా, కైలమ్మా. కూర్చో."

కైలా కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది.

"తియ్యనా?" రోవన్ ఆమె వైపు తిరిగాడు. "చెరకు నీది. నువ్వే చెప్పు."

"తీసెయ్."

మంట పోయింది. గద్దలు పోయాయి. వెలుగు పడింది. పచ్చగా, వరసగా, ఎక్కడా సందు లేకుండా. రోవన్, కైలా. మధ్యలో కామా. కొత్త జెండా బొమ్మ ఉన్న స్టాంపులు కవరు మీద అంటించి ఉన్నాయి. కవరు మూత ఇంకా తెరిచే ఉంది.

బయట ఎక్కడో గడలు పేలాయి.

"తమ్ముడూ, చూడు... ఇవాళ గాలి ఇటు తిరిగింది!" గేటు దగ్గర్నుంచి అఖిల కేక.

రోవన్ లేచాడు. పుట్టినప్పటి నుంచీ చూడనివాడు, గేటు దాకా పరుగెత్తాడు. అఖిల వేలు చూపించింది. అతను తల ఎత్తాడు. ఎత్తి అలాగే ఉన్నాడు.

ఇప్పుడు రెండు కుర్చీలూ కైలావే.

ఒక్క మీట నొక్కితే మంట తిరిగొస్తుంది. ఏయే గోడలు సర్దాలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

తెరలో చెరకు నిలబడి ఉంది. ఒక్క ఆకు కదలదు.

కిటికీలోంచి వచ్చి, మౌస్ పట్టుకున్న చేతి మీద వాలింది — నల్లగా, తేలికగా.

కైలా దాన్ని చూసింది.