ముడతల రంగు

ప్రభుదాసన్న చూపు మీద బంగారు రంగు పూసింది మీరే. శ్రీపాదరావు సార్, మీరూ, మీ రేడియో క్లబ్బు కమిటీ వాళ్లూ. ఆయనకు కళ్లు లేవని మీకు తెలుసు. వేళ్లతోనే చూస్తాడనీ తెలుసు. తెలిసీ ఆయన రిసీవర్‌ను నున్నగా గీకించి, మెరుగుపెట్టించి, పూలదండ వేసి చప్పట్లు కొట్టారు. మంచి మనసుతోనే చేశాం అంటున్నారు. మీ మనసు సంగతి నేను అడగలేదు. మీ మంచితనం ఏం పని చేసిందో చెప్తున్నా, కూర్చుని వినండి.

తెలియనివాళ్ల కోసం మొదటినుంచి చెప్పాలి. ప్రభుదాసు ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. పుట్టుకతోనే చూపు లేదు. సర్కారు పరీక్ష పాసై హ్యామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాడు. అంటే ఇంట్లో కూర్చుని, సొంత రేడియోలో, దేశదేశాల మనుషులను పిలిచి మాట్లాడుకునే అనుమతి. అవతలివాళ్ల మాట వినడానికి ఆయన దగ్గర ఉన్నది యుద్ధకాలం నాటి మిలిటరీ రిసీవర్. ఇనుప పెట్టె, మధ్యలో పళ్లెమంత డయలు, చుట్టూ గుబ్బలు. దాని ముఖం నిండా నల్లని ముడతల రంగు, ముసలమ్మ మోచేతి తోలులాగా. ఫ్యాక్టరీలోనే కావాలని అట్లా వేశారు. అక్షరాలేమో రేకులోకి చెక్కి ఉంటాయి. ముడతలు ఎక్కడ ఆగాయో, అక్షరం ఎక్కడ గుంట పడిందో, దాన్ని పట్టుకుని ఆయన వేలు దారి వెతుక్కునేది. డయలుకు అద్దం ఉంటే ముల్లు వేలికి అందదని ఎప్పుడో ఊడబీకి పారేశాడు. డయలు అంచున చెక్కిన గీతలను గోటితో లెక్కపెట్టుకుంటూ ఏ దేశం ఎక్కడ పలుకుతుందో పట్టేసేవాడు.

ఇక మన మిల్లుల అలవాటు. ఆయుధపూజ వస్తే ప్రతి మిషనుకూ కొత్త రంగు. ప్రెస్సుకు పచ్చ, మోటారుకు నీలం. మిషనంటే గౌరవం ఉందా, అయితే రంగు కొట్టు, అంతే. ఆ అలవాటుతోనే పోయిన దసరాకు మీరు ప్రభుదాసన్నకు సన్మానం పెట్టి, ఆయన సెట్టు తెప్పించుకుని, పెయింటరుకు అప్పగించారు. దానిలో మీకు తప్పులు కనిపించాయి. రంగు ముడతలు పడింది, నున్నగా గీకించారు. ముఖమంతా గుంటలు, లప్పం పెట్టించి పూడ్చారు. డయలుకు అద్దం లేదు, కొత్తది బిగించారు. పైన బంగారు రంగు. సన్మానం కాగానే ఆ అందం చూసి ముచ్చటపడి సెట్టును క్లబ్బు అద్దాల అల్మారాలో పెట్టుకున్నారు. ఆయనకు బదులుగా ఒక చిన్న కొత్త సెట్టు ఇచ్చారు. టచ్ స్క్రీనుది. చూపులేని మనిషికి టచ్ స్క్రీను.

ఈ సంగతి నాకు తెలిసింది ఆదోని పత్తి మార్కెట్ యార్డులో. హమాలీ ఆడవాళ్ల మీటింగుకు ఎమ్మిగనూరు నుంచి వచ్చి ఉన్నాను. మీటింగు అయ్యాక ప్రభుదాసన్న కర్ర తాటించుకుంటూ వచ్చాడు.

"నువ్వు గొడవలు చేస్తావంట గదా తిమ్మమ్మా."

"చేస్తా. ఎవురి మీద చెయ్యాల?"

"మెల్లగా మాట్లాడు. వాళ్లు మంచోళ్లు. శాలువా గూడా కప్పినారు."

"శాలువా కప్పినోళ్లతో గొడవ నాకు బాగా అలవాటేలే అన్నా. ఏమైందో సెప్పు."

"నా సెట్టుకు మొగం ల్యాకుండా చేసినారు. సన్మానంలో పట్టుకోమని ఇచ్చినారు, చెయ్యి జారిపాయ. ముల్లు ముట్టుకుందామంటే గాజు."

"అప్పుడే అడగాల్సింది గదా."

"అంతమంది సప్పట్లు కొడతాంటే ఏమని అడిగేది? బాగుండాదంటి." కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "దసరా కాడినుంచి ఇంట్లో ఉత్త గాలి సప్పుడే తిమ్మమ్మా. బయట లోకంలో ఎవురూ ల్యానట్టుండాది నాకు."

ఆ మాట విన్నాక మెల్లగా మాట్లాడటం నా వల్ల కాలేదు. నేరుగా మీ క్లబ్బుకు వచ్చాను సార్. మీకు గుర్తుంది.

"అమ్మా, అది ఇప్పుడు క్లబ్బుకే గౌరవం. పెద్దపెద్దోళ్లు వచ్చి చూసిపోతాండారు," అన్నారు మీరు. "ఆయనకు కొత్తది ఇచ్చినాం గదా."

"ఆయనకు కండ్లు లేవు సార్."

"అది నాకు తెలీదా? పక్కన ఎవరన్నా కూర్చుని నొక్కితే సరిపాయ."

"మీకు అన్నం గూడా పక్కన ఎవరన్నా కూర్చుని మింగిపెడతారా?"

మీ గుమాస్తా నవ్వాడు. మీరు నవ్వలేదు. అల్మారాలో దాని పక్కనే ఇంకో రెండు పాత సెట్లు వెండి రంగులో మెరుస్తున్నాయి. అవి చచ్చిపోయిన హ్యామ్ రేడియోవాళ్ల సెట్లని, వాటికీ ఇట్లాగే లప్పం పెట్టించి ముస్తాబు చేయించామని మీరే గర్వంగా చూపించారు. చూపించడానికి తలుపు తీశారు చూడండి, అక్కడ దొరికింది నాకు సందు. దొంగతనం అని ఇప్పుడు ఊరంతా చెప్తున్నారట. పట్టపగలు, మీ ముందర, ఒక పక్క మీ గుమాస్తా చేతనే పట్టించుకుని ఆటోలో పెట్టించుకున్నదాన్ని దొంగతనం అనరు.

నేను పోయింది ఎమ్మిగనూరులో ఉదయ్ షెడ్డుకు. ఆటోలకు, ట్రాక్టర్లకు రంగులు కొట్టే పిల్లగాడు, మా నేసేవాళ్ల కులమే. మీరు పిలిపించి బంగారు రంగు వేయించుకున్నదీ వాడి చేతనే.

"అక్కా, మళ్లా యాల తెచ్చినావు? పెచ్చు లేసిందా?"

"లేయలేదు. అందుకే తెచ్చినా. గీకు."

"అద్దం మాదిరి వచ్చింది గదక్కా. మొగం సూసుకోవచ్చు."

"దీన్ని వాడే ఆయప్ప మొగం సూసుకోడు లేరా. ముడతలు కావాల ఆయనకి. నువ్వు తీసేసినవే."

వాడు రంగు చిమ్మే గన్ను కింద పెట్టాడు. ఎవరిదో, ఎందుకో మీరు వాడికి చెప్పనేలేదు. ప్రభుదాసన్న సంగతి నేను చెప్పాక వాడి ముఖం మాడిపోయింది. తర్వాత నెత్తి గోక్కున్నాడు.

"ముడత పడిందని మా మేస్త్రీ నా సెంప పగలగొట్టినాడక్కా, నందవరం వాళ్ల ట్రాక్టరు బానెట్టు మీద. ఇప్పుడు అదే కావాలంటాండావు."

"ఆ దెబ్బ మర్చిపోలేదు గదా? అయితే పని గూడా మర్చిపోయి ఉండవు."

ముఖపు రేకు విప్పి, రంగు తీసే మందు పూశాడు. బంగారు రంగు పాల మీద మీగడలాగా ముడుచుకుని లేచింది. లప్పం మాత్రం లేవలేదు. గట్టిపడి కూర్చుంది. సూది పట్టుకుని నేను కూర్చున్నాను. మగ్గం మీద తెగిన పోగును వెతికి అతికేదాన్ని, ఓపిక నాకు కొత్త కాదు. గుంటలోంచి పొడి రాలుతోంది. ముందు ఒక నిలువు గీత. దాని పక్కన రెండు పొట్టలు. బి. ఇంకాస్త గీకితే ఎఫ్, ఆ తర్వాత ఓ. నాకు అర్థం తెలియదు. కానీ ఎవరో, ఏ దేశంలోనో, నేను పుట్టకముందు రేకులో అంత లోతుగా చెక్కిన అక్షరం నా సూది కొసకు వచ్చి తగులుతుంటే, సూది పక్కన పెట్టి వేలితో తడిమి చూశాను. అంత లోతుగా ఎందుకు చెక్కారు? కంటికైతే పైపైన రాసినా చాలు. చీకట్లో, బాంబులు పడుతుంటే, వేలితో వెతుక్కునేవాడి కోసం చెక్కారు. కంటి కోసం కాదు, చేతి కోసం రాసిన రాత అది.

రంగు దిగకుండా చెక్కుడులో మైనం నింపి, ఉదయ్ ముందు వేరే రేకు ముక్కల మీద నల్ల రంగు వేసి చూశాడు. ఎన్నిసార్లు వేసినా నున్నగానే వచ్చింది.

"సెయ్యి వినడం ల్యాదక్కా. తప్పు జేయమంటే జేయడం ల్యాదు."

"మా నాయనా, మేస్త్రీ లేడు, కొట్టేవాళ్లు లేరు. దండిగా కొట్టు."

ఈసారి సెట్టు ముఖపు రేకు మీదే దండిగా కొట్టాడు. అడ్డం ఒకసారి, నిలువు ఒకసారి, ఆరకముందే మళ్లీ పైన. మే నెల ఎండలో షెడ్డు బయట రేకును పరిచాడు. ఎమ్మిగనూరు ఎండ తెలుసుగా. మొదట ఏమీ లేదు, నల్లని నీళ్ల మాదిరి తళతళలాడింది. తర్వాత ఒక మూల నుంచి చిన్న వణుకు మొదలైంది. మేం ముట్టుకోలేదు, గాలి లేదు. రంగు తనంతట తానే దగ్గరికి ముడుచుకుంటూ, సన్నసన్న అలలుగా, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పాకింది. పక్క షెడ్డు వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. రేకుకు ప్రాణం పోసినట్టే ఉంది, తోలు పుట్టినట్టే ఉంది. ఉదయ్ మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

"ఇన్నాళ్లూ దీన్ని తప్పంటిమి," అన్నాడు, అంతే.

ఆరాక మైనం తీశాను. అద్దం తిరిగి బిగించలేదు. ప్రభుదాసన్నకు ఫోన్ చేస్తే, ఆదోని నుంచి బస్సెక్కి పొద్దుగుంకే వేళకు వచ్చాడు. ఏరియల్‌కు తీగ షెడ్డు మీదినుంచి ఎదురింటి నీళ్ల ట్యాంకుకు కట్టించాడు. తర్వాత సెట్టు ముందు కూర్చుని రెండు అరచేతులూ దాని ముఖం మీద పెట్టాడు. ఆయన వేళ్లు ముడతల మీద నడిచాయి, ఆగాయి, మళ్లీ నడిచాయి.

"ముందరిదాని కంటే కొంచెం ముతక," అన్నాడు.

ఉదయ్ తల దించుకున్నాడు. "మళ్లా కొడతాలే అన్నా."

"కొట్టేవు గాని. నాకిదే బాగుండాది. సలికాలంలో వేలు మొద్దుబారినా తెలుస్తాది."

లోపల గాజు బుడ్ల లాంటి వాల్వులు వేడెక్కాయి, కాలిన దుమ్ము వాసన వచ్చింది. ఉత్త హోరు. ఆయన గోరు డయలు అంచు గీతల మీద ఒక్కొక్కటే దాటుతూ పోయింది. ఒకచోట ఆగాడు. హోరులో ఏదో ఉబ్బినట్టు, తగ్గినట్టు. నాకు ఏమీ వినిపించలేదు.

"ఈడ ఉండాడు ఒకాయన. గొంతు ల్యాదు అంతే." ఆయన వేలు బి, ఎఫ్, ఓ మీదికి పోయింది. "ఈ గుబ్బ గొంతు ఇస్తాది."

తిప్పాడు. హోరు నడుమ నుంచి సన్నని ఈల లేచింది. పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి, పాత తంతి ఆఫీసుల్లో కొట్టే మోర్సు భాషలాగా. ప్రభుదాసన్న పెదవులు దానితో పాటే కదులుతున్నాయి.

"జపాను మనిషి. పేరుకు బదులు కొట్టే గుర్తును బట్టి తెలుస్తాది."

"ఏమంటాండాడు?"

"ఎవరన్నా ఉండారా అంటాండాడు. అదే, మళ్లా మళ్లా. ఎవరన్నా ఉండారా, ఎవరన్నా ఉండారా."

షెడ్డు ముందు ఆటోలు పోతున్నాయి, పక్క వీధిలో మగ్గాలు ఆడుతున్నాయి. సముద్రాలు దాటి ఆ మనిషి వేలు అక్కడ నొక్కుతుంటే ఇక్కడ నీళ్ల ట్యాంకుకు కట్టిన తీగలో ఆ పిలుపు వచ్చి పడుతోంది. మధ్యలో ఏ తీగా లేదు, ఎవరి అడ్డూ లేదు. ఇన్నేళ్లూ నా తల మీదినుంచి ఇట్లాంటి పిలుపులు పోతూనే ఉన్నాయన్నమాట. నేను నోరు తెరుచుకుని ఆకాశం వైపు చూశాను.

"జవాబు ఇయ్యి అన్నా," అన్నాడు ఉదయ్.

"పలికే మిషను ఇంట్లో ఉండాది గదప్పా. రేపు ఇస్తా." ఆయన ముఖం తడిసి ఉంది. తుడుచుకోలేదు. "రేపు గూడా పిలుస్తాడులే. వీళ్లు రోజూ పిలుస్తారు."

అదీ సంగతి సార్. సెట్టు ఆయన ఇంటికి చేరింది, మీ అల్మారాకు రాదు. మనుషులను పంపకండి. మీకు చెయ్యాల్సిన పని వేరే ఉంది. ఆ వెండి రంగు పూసిన రెండు సెట్లూ బయటికి తీయండి. పెయింటరును పిలవొద్దు. మీరే, కమిటీ మొత్తం, చొక్కా చేతులు మడుచుకుని, తలా ఒక సూది పట్టుకుని కూర్చోండి. ప్రభుదాసన్న వచ్చి పక్కన కూర్చుంటాడు, నేను మాట్లాడి పెట్టాను. ప్రతి అక్షరం ఆయన వేలికి తగిలిందని ఆయన నోటితో చెప్పేదాకా గీకండి. ఆ తర్వాత, చూపులేని పిల్లలకు పాఠాలు చెప్పేచోట ఆ రెండింటినీ పెట్టి, తీగ కట్టి, కరెంటు ఇవ్వండి. వచ్చే ఆయుధపూజ దాకా ఆగేది లేదు. ఈ వారమే.